అపార్ట్‌మెంట్ ఉమ్మడి స్థలాల్లో మత చిహ్నాలు, చిత్రపటాలు: నియమం ఎలా రాసుకోవాలి?

ప్రశ్న: నిజాంపేట కార్యదర్శి

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదు నిజాంపేటలో 60కి పైగా ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంటుకు ఈ ఏడాది నేను అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నాను. ఇటీవల భవనానికి రంగులు వేయించాము. ఆ పని పూర్తి కాగానే ఒక ఫ్లాటు యజమాని ముందుకు వచ్చి, లిఫ్టుకు ఎదురుగా ఉన్న గోడలో పాలరాతి గూడు కట్టించి, అందులో వినాయకుడి విగ్రహాన్ని తన సొంత ఖర్చుతో ప్రతిష్ఠిస్తానని చెప్పారు. ఆయన ఉద్దేశం మంచిదే, పైగా అసోసియేషన్ మీద పైసా భారం పడదు. అయితే అలాగైతే పక్క గోడ మీద సిలువ పెట్టుకోవడానికి తమకూ అవకాశం ఉంటుందా అని ఒక క్రైస్తవ కుటుంబం మర్యాదగానే అడిగింది. దేవుళ్ల విషయంలో తగవు వచ్చేటట్లుంటే అందరివాడైన అంబేడ్కర్ చిత్రపటం పెడదామని ఇంకొకరు సూచించారు. దానికీ అభ్యంతరం వచ్చింది. ఆ అభ్యంతరం ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడి సభ్యులకు వివరించనవసరం లేదు.

మాట ముదరకముందే ముగించాలని కమిటీలో కొందరు ఒక్క వాక్యంలో నియమం రాశారు: ఫ్లాట్ల తలుపుల వెలుపలి వైపుతో సహా, ఉమ్మడి స్థలాల్లో మతానికి గానీ, కులానికి గానీ, రాజకీయ పార్టీకి గానీ సంబంధించిన ఏ చిహ్నమూ ఉండరాదు. చదవడానికి ఇది నిష్పక్షపాతంగానే కనిపిస్తుంది. కానీ ఈ ముసాయిదాను వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ఒక పెద్దావిడ, తన గుమ్మానికి మామిడి తోరణం కట్టుకోకూడదా, సంక్రాంతికి గడప ముందు ముగ్గు వేసుకోకూడదా అని అడిగారు. అవి మన సంప్రదాయమే గాని మతం కిందికి రావని కమిటీ సభ్యుడొకరు ఆమెకు ధైర్యం చెప్పారు. అదే రోజు సాయంత్రం, మా భవనంలో అద్దెకు ఉంటున్న ఒక ముస్లిం కుటుంబం తమ తలుపు పైన ఉన్న ఖురాన్ వాక్యపు ఫ్రేమును తామే తీసి లోపల పెట్టుకుంది. నియమం ఇంకా ఓటుకే రాలేదు, తీయమని వారిని ఎవరూ అడగలేదు. ఈ వ్యవహారం మొత్తంలో నన్ను ఎక్కువగా బాధించింది ఆ ఖాళీ తలుపే.

వచ్చే జనరల్ బాడీ సమావేశంలో ఏదో ఒక నియమం పెట్టక తప్పదు. అందరూ సమానంగా నడిచే చోటు ఎవరి పక్షాన్నీ ఉండకూడదన్నది నాకు సమ్మతమే. కానీ ఎవరి ఉనికీ కనిపించకుండా చేయడమే నిష్పక్షపాతమా? మీ భవనాల్లో ఈ గీతను ఎక్కడ గీశారు, చట్టం ఏమంటుంది అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

కార్యదర్శి గారూ, సహకార శాఖలో పనిచేసినప్పుడు ఇలాంటి ఫిర్యాదులు తరచుగా నా ముందుకు వచ్చేవి కనుక, ముందుగా ఆస్తి ఎవరిదన్న ప్రశ్నతో మొదలుపెడతాను. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లు, లిఫ్టు, లాబీ, కారిడార్ వంటి ఉమ్మడి స్థలాల్లో ప్రతి యజమానికీ విడదీయరాని వాటా ఉంటుంది. ఈ గోడ నాది, ఆ గోడ మీది అని పంచుకోవడానికి అందులో వీలు లేదు. మీ అసోసియేషన్ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనా, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైనా, ఆ గోడకు అది నిర్వాహకురాలే తప్ప యజమానురాలు కాదు. కాబట్టి ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. దాత డబ్బు ఇచ్చినంత మాత్రాన అందరి గోడలో శాశ్వత కట్టడానికి ఆయనకు హక్కు రాదు.

శాశ్వతమన్న మాటను నొక్కి చెబుతున్నాను. విగ్రహం ప్రతిష్ఠించిన రోజుతో పని ముగియదు. నిత్యం దీపం ఎవరు పెట్టాలి, నైవేద్యం ఎవరు సమర్పించాలి, ఇంట్లో మైల ఉన్నవారు లిఫ్టు దగ్గరికి ఎలా రావాలి, చెప్పులతో ఎదుట నడవవచ్చా అన్న ప్రశ్నలన్నీ వరుసగా వస్తాయి. మరో పదేళ్లకు లాబీని మార్చాలనుకుంటే ఆ గూడును కదిలించడానికి ఎవరికీ ధైర్యం చాలదు. సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులో వీధుల్లో, పార్కుల్లో, ఇతర బహిరంగ స్థలాల్లో గుడి, మసీదు, చర్చి, గురుద్వారాల పేరిట అనధికార కట్టడాలు కొత్తగా రానీయవద్దని ఆదేశించింది. అదే కేసులో 2013 జనవరిలో రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దన్నది. ఆ ఆదేశాలు ప్రభుత్వ స్థలాలకు సంబంధించినవి, మీ లాబీకి నేరుగా వర్తించవు. కానీ ఒకసారి పెట్టినదాన్ని తీయడం ఎంత కష్టమో మన రెండు రాష్ట్రాల్లో ఏ కూడలిని చూసినా అర్థమవుతుంది కనుక, ఆ వివేకం మీ గోడకూ అవసరమే.

ఇక తలుపు సంగతి. లాబీ గోడ మీద ఏదైనా కనిపిస్తే, చూసేవారు దాన్ని ఆ భవనం మొత్తం చెబుతున్న మాటగా తీసుకుంటారు. ఒక ఫ్లాటు గుమ్మానికి తోరణమో, సిలువో, ఖురాన్ వాక్యమో కనిపిస్తే అది ఆ ఇంటివారి మాట అని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఇంతటి తేడా ఉన్న రెండు చోట్లను మీ ముసాయిదా ఒకే వాక్యంలో కట్టేసింది. నా సలహా ఏమంటే, లాబీలో ఎవరి శాశ్వత చిహ్నమూ వద్దు, గుమ్మం జోలికి అసోసియేషన్ వెళ్లవద్దు. గుమ్మం విషయంలో అడగవలసినవి దారికి అడ్డమా, నిప్పు ప్రమాదమా, పక్కింటి గోడ మీదికి వచ్చిందా అన్నవి మాత్రమే. కార్తీక మాసంలో కారిడార్‌లో వెలిగించే దీపాలకైనా, క్రిస్మస్‌కు వేలాడదీసే కరెంటు నక్షత్రానికైనా ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి.

డబ్బు గురించి ఒక మాట. ఏ ఒక్క మతాన్నీ పెంపొందించడం కోసం పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతుంది. అది ప్రభుత్వాన్ని కట్టడి చేసే నియమం, మీ అసోసియేషన్ ప్రభుత్వం కాదు. అయినా నెలనెలా తప్పనిసరిగా వసూలు చేసే మెయింటెనెన్స్ స్వభావంలో పన్ను లాంటిదే కాబట్టి, పండుగ ఖర్చును అందులో నుంచి కాక విడిగా చందాల ద్వారా పెట్టుకోవడం న్యాయం.

జవాబు: మియాపూర్ మాజీ అధ్యక్షుడు

పెద్దలు చెప్పిన ఆస్తి హక్కుల విషయంతో నాకు పేచీ లేదు గాని, గుమ్మాన్ని వదిలేయాలన్న సలహాతో ఏకీభవించలేను. మా భవనంలో మేము సరిగ్గా అదే చేశాము. మొదట తోరణాలు, ఆ తరువాత దిష్టి గుమ్మడికాయలు, తరువాత తలుపు మొత్తం కప్పే దేవుడి బొమ్మలు, ఎన్నికల కాలంలో ఒక పార్టీ నాయకుడి నిలువెత్తు ఫ్లెక్సీ వచ్చాయి. తీయమంటే, ఎదుటింటి వారి బొమ్మ తీయించి రండి, అప్పుడు చూద్దామన్నారు. పోటీ ఒకసారి మొదలైతే ఎవరికి వారే తమది కేవలం జవాబు అంటారు.

కమిటీలో ఉండేవారు జీతం తీసుకునే న్యాయమూర్తులు కారు. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిపూట ఫోన్లకు సమాధానం చెప్పే మామూలు మనుషులు. ఏది అలంకారం, ఏది ప్రచారం అని ప్రతి తలుపు దగ్గరా ఆగి తీర్పు చెప్పడం వారి వల్ల కాదు. కారిడార్ మొత్తంలో ఏమీ ఉండకూడదంటే కొందరికి బాధ కలుగుతుందన్నది నిజమే, కానీ ఆ బాధ అందరికీ సమానం. ఇంట్లో ఎవరి పూజగది వారిది, ఎవరి ప్రార్థన వారిది. బయటి నడవ ఆసుపత్రి వరండాలా ఉంటే నష్టమేమిటి? ఒకే నియమం, మినహాయింపులు లేవు అన్నప్పుడు మాత్రమే కార్యదర్శి నిశ్చింతగా నిద్రపోగలడు. నేను ఈ మాట విశ్వాసం లేనివాడిగా అనడం లేదు. ఇరుగుపొరుగు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసిన కారిడార్‌ను చూసినవాడిగా అంటున్నాను.

జవాబు: డాలస్‌లో ఉంటున్న తెలుగువాడు

అధ్యక్షుడు గారి ఆవేదనను గౌరవిస్తూనే, ఆ మినహాయింపు లేని నియమం ఒక చోట ఏమి చేసిందో చెప్పాలనుకుంటున్నాను. షికాగోలోని ఒక బహుళ అంతస్తుల భవనంలో అసోసియేషన్ 2001లో, కారిడార్లలో తలుపుల బయట చాపలు, బూట్లు, బండ్లు, మరే రకమైన వస్తువులూ ఉంచరాదని నియమం పెట్టింది. ఆ భవనంలో ఉండే ఒక యూదు కుటుంబం తమ ద్వారబంధానికి మెజూజా బిగించుకుని ఉంది. మెజూజా అంటే లేఖన వాక్యాలు రాసిన తోలుచుట్టను భద్రపరిచే వేలెడంత పెట్టె, దాన్ని ద్వారబంధానికి బిగించడం వారికి మతధర్మం. మొదట మూడేళ్లు దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. 2004లో కారిడార్లకు మరమ్మతులు జరిగాక, అదే నియమాన్ని చూపించి మెజూజాలను తీసేయడం మొదలుపెట్టారు. ఆ ఇంటి పెద్ద చనిపోయి, కుటుంబం సంతాప దినాలు పాటిస్తున్న సమయంలో కూడా తీసేశారు.

కేసు ఫెడరల్ అప్పీలు కోర్టుకు వెళ్లింది. 2008లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనంలో ఇద్దరు, నియమం అందరికీ ఒకటే కాబట్టి వివక్ష లేదన్నారు. సరిగ్గా అధ్యక్షుడు గారి వాదనే. 2009లో పూర్తి ధర్మాసనం దాన్ని మార్చింది. మాటల్లో అందరికీ ఒకటేగా కనిపించే నియమాన్ని కూడా ఒక వర్గం మీద గురిపెట్టి అమలు చేసి ఉండవచ్చునని, అది జ్యూరీ తేల్చవలసిన విషయమని చెప్పింది. ఈలోగా షికాగో నగరం, ఇల్లినాయ్ రాష్ట్రం ఇలాంటి ద్వార చిహ్నాలకు చట్టంతో రక్షణ కల్పించాయి. మేముండే టెక్సస్‌లో కూడా 2011లో చట్టం వచ్చింది. ప్రవేశ ద్వారం మీద గానీ, ద్వారబంధం మీద గానీ ఉంచుకున్న మత చిహ్నాలను ఇళ్ల యజమానుల సంఘాలు నిషేధించరాదన్నది దాని సారం. అయితే వాటి మొత్తం పరిమాణం 25 చదరపు అంగుళాలు దాటకూడదన్నారు. అయిదు అంగుళాల చదరంలో మామిడి తోరణం పట్టదు. 2021లో చట్టాన్ని సవరించి ఆ కొలతను తీసేశారు.

ఆ 25 అంగుళాల లెక్క నాకు నచ్చకపోయినా, దానిలో ఒక ఉపాయం ఉంది. కొలత పెట్టినవారు అది ఏ మతపు వస్తువని అడగలేదు, ఎంత పెద్దదని మాత్రమే అడిగారు. అధ్యక్షుడు గారి భవనంలో తలుపంత బొమ్మలు, నిలువెత్తు ఫ్లెక్సీ పోటీకి దారితీశాయి గాని, తోరణం కాదు. పరిమాణాన్ని కట్టడి చేస్తే, కమిటీ ఎవరి విశ్వాసాన్నీ తూచవలసిన అవసరం ఉండదు.

జవాబు: గుంటూరు ఉపాధ్యాయిని

కార్యదర్శి గారూ, మీరు రాసిన ప్రశ్నలో నన్ను ఆపినది పాలరాతి గూడు కాదు, కమిటీ సభ్యుడు ఆ పెద్దావిడకు చెప్పిన సమాధానం. తోరణం, ముగ్గు మతం కిందికి రావని ఆయన అన్నారు. నేను ప్రతి ఉగాదికీ తోరణం కట్టేదాన్నే. అది నాకు ఎంత సహజమో, నా సహోద్యోగికి ఆమె గుమ్మం మీది చిన్న సిలువ అంత సహజం. సంఖ్యలో ఎక్కువగా ఉన్నవారి వస్తువులన్నీ సంప్రదాయంగా, తక్కువగా ఉన్నవారి వస్తువులన్నీ మతంగా లెక్కకు వస్తే, మీ ఒక్క వాక్యపు నియమం కాగితం మీద అందరికీ, అమలులో కొందరికే వర్తిస్తుంది. ఆ ముస్లిం కుటుంబం ఈ సంగతిని మీకంటే ముందే గ్రహించి ఫ్రేము తీసేసింది. అద్దెకున్నవారు కనుక జనరల్ బాడీలో వారికి ఓటు కూడా ఉండకపోవచ్చు. బాధ అందరికీ సమానమన్న అధ్యక్షుడు గారి మాటను ఆ తలుపు ముందు నిలబడి అనగలమా అని నాకు సందేహం.

అంబేడ్కర్ చిత్రపటం గురించి కూడా రాయాలి. ఆయన రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు. ప్రభుత్వ కార్యాలయాల్లో, పాఠశాలల్లో ఆయన పటం ఉంటుంది. ఆయనను ఒక కులానికి కుదించి, అదీ కుల చిహ్నమే కదా అనడం నిష్పక్షపాతం కాదు, అది స్పష్టమైన పక్షమే. అయినా లాబీలో శాశ్వతంగా ఏదీ వద్దన్న నియమం నిజంగా అందరికీ వర్తించేటట్లయితే, ఆ పటం కోసం నేను మినహాయింపు అడగను. ఏప్రిల్ 14న ఆ గోడ దగ్గర పటం పెట్టి, పూలమాల వేసి, నాలుగు మాటలు చెప్పుకునే అవకాశం మాత్రం వినాయక చవితికి, బతుకమ్మకు, రంజాన్‌కు, క్రిస్మస్‌కు ఉన్నంత హక్కుగా ఉండాలి. ఎవరి దయ మీదనో ఆధారపడకుండా, ముందే రాసిపెట్టుకున్న పద్ధతిలో ఉండాలి.

పాల్గొనని వారి గురించి ఎవరూ ప్రస్తావించలేదు. 1985లో కేరళలో యెహోవా సాక్షుల విశ్వాసానికి చెందిన ముగ్గురు పిల్లలు, జాతీయ గీతం పాడుతున్నప్పుడు గౌరవంగా లేచి నిలబడినా గొంతు కలపనందుకు పాఠశాల నుంచి వారిని తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమన్నది. పాడకపోవడం అగౌరవం కాదని ఆ తీర్పు తేల్చింది. చవితి చందా ఇవ్వని ఫ్లాట్ల నంబర్లను నోటీసు బోర్డు మీద ఎక్కించే అలవాటు చాలా అపార్ట్‌మెంట్లలో ఉంది. ఇచ్చినవారి పేర్లు రాసుకోండి, అది వారికి సంతోషం. ఇవ్వనివారిని వేలెత్తి చూపడం మాత్రం నియమంలోనే నిషేధించండి.

జవాబు: మియాపూర్ మాజీ అధ్యక్షుడు

డాలస్ మిత్రులు చెప్పిన పరిమాణం ఉపాయం ఆలోచించదగినదే, మాకు అది తట్టలేదు. తలుపు విషయంలో నా పట్టు సడలిస్తాను. కానీ ఉపాధ్యాయిని గారు లాబీ గోడను పండుగలకు, జయంతులకు తెరవమంటున్నారు. రేపు ఒకరు వచ్చి మా కులసంఘం వనభోజనాల బ్యానర్ కడతాము, ఇంకొకరు మా నాయకుడి పుట్టినరోజు చేస్తాము అంటే ఏ ఆధారంతో కాదంటారు?

జవాబు: డాలస్‌లో ఉంటున్న తెలుగువాడు

మీ ప్రశ్నకు బోస్టన్ నగరం అనుభవం ఉపయోగపడవచ్చు. అక్కడ నగర పాలక భవనం ముందు మూడు జెండా స్తంభాలున్నాయి. మూడో స్తంభం మీద పౌర బృందాలు తమ వేడుకల కోసం కొద్ది గంటలపాటు తమ జెండా ఎగరవేసుకోవడానికి అనుమతి ఇచ్చేవారు. 2005 నుంచి 2017 వరకు 284 సార్లు అనుమతించారు, ఒక్కదాన్నీ కాదనలేదు. 2017లో ఒక క్రైస్తవ బృందం అడిగినప్పుడు మొదటిసారి నిరాకరించారు. 2022లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో నగరానిదే తప్పన్నది. ఎందుకంటే నగరం ఎన్నడూ ఆ జెండాలను తన మాటగా ఎంచుకోలేదు, స్తంభాన్ని అందరికీ తెరిచి, ఒక్కరికి మూసింది. ముందుగానే ఆ స్తంభం నగరపు సొంత మాటకేనని రాసుకుని, అలాగే నడిచి ఉంటే నిరాకరించే అధికారం ఉండేది.

మీ లాబీకి అన్వయిస్తే, ఆ గోడ భవనం తరఫున మాట్లాడే గోడా, నివాసులు వంతులవారీగా వాడుకునే గోడా అన్నది ముందే తేల్చుకోవాలి. వంతులవారీ గోడ అయితే వనభోజనాల బ్యానర్‌ను దాని విషయం చూసి కాదనలేరు. రెండు రోజులకు మించి ఉండరాదు, ఇంత పరిమాణం దాటరాదు, భవనంలో ఉండేవారే అడగాలి అన్న షరతులు మాత్రం అందరికీ పెట్టవచ్చు. ఎన్నికల పార్టీల ప్రచారాన్ని మొత్తంగా నిషేధించవచ్చు, అయితే ఏ పార్టీకీ మినహాయింపు ఉండకూడదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: నిజాంపేట కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ ముందుంచుకుని కమిటీలో మళ్లీ కూర్చుని కొత్త ముసాయిదా రాశాము. లాబీలో శాశ్వత చిహ్నం, విగ్రహం, చిత్రపటం ఏవీ ఉండవు. గూడు కట్టిస్తానన్న యజమానికి నేనే వెళ్లి చెప్పాను, ఆయన నొచ్చుకున్నారు గాని, చవితి పందిరికి తన వంతు ఎక్కువగా ఇస్తానన్నారు. గుమ్మం, ద్వారబంధం, గడప ముందు ముగ్గు వేసుకునేంత చోటు ఆ ఇంటివారివే, అందులో యజమానులు, అద్దెకున్నవారు అన్న తేడా లేదు. తలుపు వెడల్పు దాటకూడదు, దారికి అడ్డు రాకూడదు, నిప్పు ఉంటే మనిషి దగ్గర ఉండాలి. నివాసులెవరైనా పండుగకు, జయంతికి, వేడుకకు వారం ముందు రిజిస్టరులో రాసి లాబీని రెండు రోజులు వాడుకోవచ్చు. చవితి పందిరి ఎప్పటిలా సెల్లార్‌లోనే ఉంటుంది, దానికి రోజుల లెక్క వేరుగా రాస్తాము. ఖర్చు చందాలతోనే తప్ప మెయింటెనెన్స్‌తో కాదు, ఇవ్వనివారి జాబితా ఎక్కడా పెట్టము.

మైకు విషయంలోనే ఇంకా తెగలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదని చెబితే, పండుగ రోజుల్లో 12 వరకు ఉంటుంది కదా అని కొందరు వాదిస్తున్నారు.

జవాబు: విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

ఆ సడలింపు రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వవలసినది, ఏడాదికి 15 రోజులకు మించకూడదు. అసోసియేషన్ తనంతట తాను ఇచ్చుకునేది కాదు. పైగా నివాస ప్రాంతంలో పగటిపూట కూడా 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి ఉంది. సెల్లార్‌లో పెట్టిన స్పీకరు పగలైనా ఆ పరిమితిని దాటకుండా ఉండడం కష్టం. చూడడం ఇష్టం లేనివారు లాబీలో తల తిప్పుకుని వెళ్లిపోగలరు, శబ్దం నుంచి తప్పించుకునే మార్గం ఇంట్లో ఉన్నవారికి లేదు. కాబట్టి ఈ ఒక్క విషయంలో మీరు చట్టం కంటే కాస్త కఠినంగా ఉన్నా తప్పు లేదు. పరీక్షల కాలంలో రాత్రి 9కే ఆపాలని రాసుకున్న అసోసియేషన్లు నాకు తెలుసు.

మీ ముసాయిదాలో ఒక లోటు ఉంది. ఫిర్యాదు వస్తే ఎవరు తేలుస్తారో రాయలేదు. ఆ పని కార్యదర్శి ఒక్కరి మీదే వదలవద్దు. కమిటీలో లేని ముగ్గురిని, వారిలో ఒకరు అద్దెకున్నవారు అయ్యేటట్లు, జనరల్ బాడీ చేత ఏడాదికోసారి ఎన్నిక చేయించండి. వారు తీర్పుకు కారణాన్ని రిజిస్టరులో రెండు వాక్యాల్లో రాయాలని కూడా చేర్చండి. రెండోసారి అదే ఫిర్యాదు వచ్చినప్పుడు మొదటిసారి ఏమన్నారో ఎవరైనా తీసి చూసుకోవచ్చు. ఇంకొక మాట, ముసాయిదాను జనరల్ బాడీలో పెట్టేముందు దాని కాగితాన్ని తీసుకుని ఆ ముస్లిం కుటుంబం ఇంటికి వెళ్లండి. వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు.